అత్తిపత్తి, సముద్రపు కుందేలు, చేలో దిష్టిబొమ్మ



అత్తిపత్తి తెలియని వాళ్లు మనలో ఎవరుంటారు? చెరువు గట్ల మీద, రోడ్ల పక్కన, కొబ్బరి తోటల్లో నేలబారుగా పాకుతుంది. గులాబీ రంగులో చిన్న కుచ్చు పువ్వు. కాడ నిండా ముళ్లు. ఆకు మీద వేలు పెడితే చాలు, వరసగా ముడుచుకుపోతుంది. దీని పుట్టిల్లు మన దేశం కాదు. అమెరికా ఖండాల్లోని వేడి ప్రాంతాలు. ఎప్పుడో ఇక్కడికి వచ్చి కలిసిపోయింది. ఇప్పుడు దీన్ని ఎవరూ నాటక్కర్లేదు, ఎవరూ నీళ్లు పొయ్యక్కర్లేదు. కలుపని పీకేస్తాం. మళ్లీ మొలుస్తుంది.

ఈ మొక్కకు జతగా ఇవాళ ఇంకో జీవిని మీ ముందుకు తెస్తున్నాను. అది సముద్రంలో ఉంటుంది. పేరు సముద్రపు కుందేలు. శాస్త్రవేత్తలు అప్లీజియా అంటారు. నిజానికి అది నత్తల జాతిది. పైకి గుల్ల కనిపించదు. మెత్తటి ఒళ్లు. తల మీద రెండు పీలికలు నిక్కి ఉంటాయి, కుందేలు చెవుల్లాగా. ఈ అప్లీజియాల్లో చాలా రకాలున్నాయి. మన దేశపు తీరాల్లోనూ కొన్ని ఉన్నాయి. నేను చెప్పబోయేది మాత్రం అమెరికాలో కాలిఫోర్నియా తీరంలో ఉండేది. సముద్రపు నాచు మేస్తుంది. ఎవరైనా బెదిరిస్తే ఊదా రంగు సిరా చిమ్ముతుంది. ఏడాది బతికితే నిండు ఆయుష్షు బతికినట్టే.

ఒకటి గట్టు మీద మొక్క. ఒకటి సముద్రంలో పాకే జీవి. ఈ రెంటికీ ఏం పొత్తు?

పొత్తు ఉంది. ముట్టుకుంటే రెండూ ముడుచుకుంటాయి. అది మొదటి పోలిక. దానికంటే ముఖ్యమైనది రెండో పోలిక. పదే పదే ముట్టుకుంటే, ఏ హానీ జరక్కపోతే, రెండూ ముడుచుకోవడం మానేస్తాయి. దీన్ని మనం అలవాటు పడటం అంటాం. ఇవాళ్టి నా మాటంతా ఈ అలవాటు పడటం గురించే. చివర్లో దీన్ని పొలానికి తీసుకెళ్తాను. రైతు సోదరులు, సోదరీమణులు అందాకా రేడియో కట్టెయ్యకండి.

ముందు అత్తిపత్తి సంగతి. ఆకు కాడ మొదట్లో, చిన్న చిన్న రెబ్బల మొదట్లో, కొంచెం ఉబ్బినట్టుండే కీళ్లు ఉంటాయి. ఆ కీలులో ఉన్న కణాలు నీళ్లతో బిగిసి ఉంటాయి. ఆకును నిలబెట్టేది ఆ బిగువే. మనం ముట్టుకోగానే ఆకులో ఒక విద్యుత్ సంకేతం పుడుతుంది. అది కీలు దాకా పాకుతుంది. కీలులో ఒక పక్క కణాల్లోంచి పొటాషియం లాంటి లవణాలు బయటికి పోతాయి. వాటి వెంట నీళ్లూ పోతాయి. ఆ పక్క బిగువు సడలుతుంది. ఆకు వాలిపోతుంది. మన జగదీశ్ చంద్ర బోస్ గారు కలకత్తాలో ఈ మొక్క మీద ఏళ్ల తరబడి పనిచేశారు. మొక్కలో పుట్టే ఈ సంకేతాన్ని కొలవడానికి తన పరికరాలు తనే తయారుచేసుకున్నారు.

మరి ఎందుకు ముడుచుకుంటుంది? పురుగుల నుంచి కాచుకోవడానికి అని చాలాకాలంగా అనుకుంటున్నారు. జపాన్ శాస్త్రవేత్తలు 2022లో దీన్ని నేరుగా పరీక్షించి చూశారు. ముడుచుకోలేని అత్తిపత్తి మొక్కల్ని తయారుచేశారు. వాటి మీదికి, మామూలు మొక్కల మీదికి మిడతల్ని వదిలారు. ముడుచుకోలేని మొక్కల్ని మిడతలు ఎక్కువ తినేశాయి. అంటే ముడుచుకోవడం ఉత్త సిగ్గు కాదన్నమాట. ప్రాణరక్షణ.

కానీ శ్రోతలారా, ఒక్క విషయం గమనించండి. ముడుచుకున్న ఆకు ఎండను సరిగ్గా పట్టుకోలేదు. ఎండ లేకపోతే మొక్కకు తిండి లేదు. మళ్లీ విచ్చుకోవడానికి నిమిషాలు పడుతుంది. గాలికీ, వాన చినుక్కీ, పక్కన నడిచే మేకకీ ప్రతిసారీ ముడుచుకుంటూ కూర్చుంటే, మిడత తినకపోయినా మొక్క ఆకలితో మాడిపోతుంది. కాచుకోవడానికీ ఒక ఖర్చుంది. దీన్ని మళ్లీ చెప్తాను, ఎందుకంటే మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది. కాచుకోవడానికీ ఒక ఖర్చుంది.

సముద్రపు కుందేలుకూ అదే చిక్కు. దాని వీపు మీద మెత్తటి మొప్ప ఉంటుంది. ఊపిరి దాంతోనే. మొప్ప పక్కనే కండతో చేసిన చిన్న గొట్టం. ఆ గొట్టాన్ని కుంచెతో మెల్లిగా తాకితే, జీవి చటుక్కున గొట్టాన్నీ మొప్పనూ లోపలికి లాక్కుంటుంది. లోపలికి లాక్కున్నంత సేపూ ఊపిరి సరిగ్గా ఆడదు. సముద్రంలో అలలు ఊరుకోవు. నాచు పీలికలు వచ్చి తగులుతూనే ఉంటాయి. తగిలిన ప్రతిదానికీ మొప్ప లాక్కుంటే బతికేదెట్లా?

మొక్కకు ఎండ, ఆ జీవికి ఊపిరి. రెంటికీ లెక్క ఒక్కటే. నిజమైన ఆపదకు ముడుచుకోవాలి. ఉత్తుత్తి ఆపదను వదిలెయ్యాలి. ఏది ఏదో తెలియడమెలా? ఒక్కసారి తగిలితే తెలియదు. పది సార్లు తగిలి, పది సార్లూ ఏమీ కాకపోతే, అది ఉత్తుత్తిదే.

అత్తిపత్తి విషయంలో దీన్ని రెండు వందల ఏళ్ల కిందటే కనిపెట్టారు. దెఫోంటేన్ అని ఒక ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు. ఆయన అత్తిపత్తి కుండీల్ని గుర్రబ్బండిలో పెట్టించి ప్యారిస్ వీధుల్లో తిప్పించాడని చెబుతారు. రాళ్లు పరిచిన వీధులు. బండి కదలగానే ఆ కుదుపులకు ఆకులన్నీ ముడుచుకున్నాయి. బండి ఆగలేదు, కుదుపులూ ఆగలేదు. కాసేపటికి ఆకులు మెల్లగా విచ్చుకున్నాయి. కుదుపుతూనే ఉన్న బండిలో, విచ్చుకున్న ఆకులతో అత్తిపత్తి ఊరేగింది. ఆ బండి వెనక పరిగెత్తి చూసే అవకాశం మనకు లేకపోయిందే అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఆ తర్వాత చాలా ఏళ్లకు, 2014లో, ఆస్ట్రేలియాలో పనిచేసే మోనికా గాలియానో అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు దీన్ని పద్ధతిగా చేశారు. కుండీని 15 సెంటీమీటర్ల ఎత్తు నుంచి కిందికి జారవిడిచారు. అడుగున మెత్త. మొక్కకు దెబ్బ తగలదు, కుదుపు మాత్రం తెలుస్తుంది. ఐదేసి సెకన్లకు ఒకసారి చొప్పున వరసగా 60 సార్లు. అలాంటి వరసలు రోజంతా కొన్ని. మొదట్లో ఆకులు ముడుచుకున్నాయి. పోనుపోను ముడుచుకోవడం తగ్గించాయి.

ఇక్కడ మీకో అనుమానం రావాలి. మొక్క అలవాటు పడిందా, అలిసిపోయిందా? కీలులో నీళ్లు అయిపోతే ముడుచుకోవాలన్నా ముడుచుకోలేదు కదా. మంచి అనుమానమే. వాళ్లకూ వచ్చింది. అందుకని మొక్కను ఈసారి వేరే రకంగా, గిరగిరా ఊపారు. వెంటనే ముడుచుకుంది. కాబట్టి ఓపిక ఉంది. కింద పడటాన్ని మాత్రం లెక్కచెయ్యడం లేదు. వారాలు గడిచాక మళ్లీ జారవిడిచి చూశారు. 28 రోజుల తర్వాత కూడా ఆ కుదుపును పట్టించుకోలేదని రాశారు.

నీడలో, తక్కువ వెలుతురులో పెంచిన మొక్కలు ఇంకా త్వరగా అలవాటు పడ్డాయట. నాకు ఈ మొత్తం ప్రయోగంలో బాగా నచ్చిన ముక్క ఇదే. ఎండ కరువున్న చోట, ఆకు ముడిచి కూర్చోవడం మరీ ఖరీదు. అందుకే అక్కడ పాఠం త్వరగా వచ్చింది.

అందరు శాస్త్రవేత్తలూ దీన్ని ఒప్పుకోలేదు. అలసటను పూర్తిగా తోసిపుచ్చడానికి ఆ పరీక్ష చాలదని కొందరన్నారు. మెదడూ నరాలూ లేని మొక్క విషయంలో, నేర్చుకోవడం, గుర్తుంచుకోవడం అనే మాటలు వాడొచ్చా అని ఇంకొందరు అడిగారు. నా మటుకు నేను, మొక్క ఆలోచిస్తుందని అనను. దాని నడవడి మారింది, ఆ మార్పు కొన్నాళ్లు నిలిచింది అన్నంత వరకు ఒప్పుకుంటాను.

సముద్రపు కుందేలు విషయంలో ఈ గొడవ లేదు. దానికి నరాలున్నాయి. దాని నరమండలంలో ఉన్న నరకణాలు ఇంచుమించు 20,000. మనిషి మెదడులో ఉన్నవి వేల కోట్లు. పైగా దీని నరకణాల్లో కొన్ని ఎంత పెద్దవంటే, భూతద్దం లేకుండా కంటికి కనిపిస్తాయి. ఏ కణం ఎక్కడుందో గుర్తుపట్టి, ఏది దేనితో కలిసిందో చూడొచ్చు.

ఎరిక్ కాండెల్ అనే డాక్టరు ఈ జీవిని ఎంచుకున్నది అందుకే. ఆయన 1929లో వియన్నాలో పుట్టారు. నాజీల కాలంలో చిన్నపిల్లాడిగా అమెరికా చేరారు. మానసిక వైద్యం చదివారు. జ్ఞాపకం ఎక్కడుంటుంది, ఎలా ఉంటుంది అన్నది ఆయన ప్రశ్న. దానికి జవాబు వెతకడానికి నత్త జాతి జీవిని పట్టుకుంటానంటే పెద్దలు కొందరు వద్దన్నారు. మనిషి జ్ఞాపకానికీ నత్తకూ ఏమిటి సంబంధం అన్నారు. ఆయన వినలేదు. 2000 సంవత్సరంలో ఇంకో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు.

ఆయన బృందం చేసిన పని చెప్పడానికి తేలిక. గొట్టాన్ని తాకడం. మొప్ప ఎంతసేపు లోపల ఉంచుకుంటుందో చూడటం. మళ్లీ తాకడం. తాకగా తాకగా లాక్కోవడం తగ్గుతుంది. లోపల ఏం జరుగుతోందో కూడా వాళ్లు చూశారు. తాకుడును కనిపెట్టే నరకణం ఒకటి. కండను కదిలించే నరకణం ఇంకొకటి. మొదటిది రెండోదానికి కబురు పంపేది ఒక రసాయనంతో. మళ్లీ మళ్లీ తాకుతుంటే, ఆ రసాయనం విడుదలవడం తగ్గుతూ వస్తుంది. కబురు పలచబడుతుంది. కండ కదలదు. కండలో ఓపిక ఉంది, గొట్టంలో స్పర్శా ఉంది. మధ్యలో కబురే తగ్గింది.

ఇప్పుడు అసలైన సంగతి. 1972లో వాళ్లు ఒక ప్రయోగం ప్రచురించారు. కొన్ని జీవుల్ని ఒకే రోజు 40 సార్లు తాకారు. ఇంకొన్నింటిని రోజుకు 10 సార్ల చొప్పున నాలుగు రోజులు తాకారు. మొత్తం తాకుడు రెంటికీ ఒక్కటే, 40. కానీ రోజుకు కొంచెం చొప్పున తాకిన వాటిలో అలవాటు ఎక్కువ గట్టిపడింది. మూడు వారాల తర్వాత కూడా నిలిచింది. ఆ తర్వాత చూస్తే, అలా దీర్ఘకాలం అలవాటు పడిన జీవుల్లో నరకణాల మధ్య అతుకులే తగ్గిపోయి కనిపించాయి.

ఒకే రోజు 40 కంటే, రోజుకు 10 చొప్పున నాలుగు రోజులు. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి. పొలంలో పనికొస్తుంది.

ఇంకొక్క మాట చెప్పి పొలానికి వెళ్దాం. అలవాటు పడిన సముద్రపు కుందేలుకు తోక మీద ఒక్క గట్టి దెబ్బలాంటిది, చిన్న కరెంటు షాక్ ఇచ్చారు. అంతే. మళ్లీ మొప్ప లాక్కోవడం మొదలుపెట్టింది. ఉత్తుత్తి తాకుళ్లకు కూడా గట్టిగా లాక్కుంది. అలవాటును చెరిపేది నిజమైన దెబ్బ. ఊరికే వదిలేసినా అలవాటు మెల్లమెల్లగా పోతుంది.

సరే, ఇక మన జొన్న చేనుకు రండి. కంకి పాలు పోసుకుంటోంది. చిలకలు, పిచ్చుకలు గుంపులుగా దిగుతున్నాయి. మనం దిష్టిబొమ్మ నిలబెట్టాం. పాత చొక్కా, బోర్లించిన కుండ, సున్నంతో కళ్లు. మొదటి రోజు పిట్టలు చేను జోలికి రావు. తర్వాత గట్టు దాకా వస్తాయి. కొన్నాళ్లకు ఆ కుండ మీదే వాలతాయి. పిట్టలకు భయం లేకుండా పోయిందని విసుక్కుంటాం. నిజానికి ఏం జరిగింది? పిట్టకు తిండి కావాలి. భయపడి ఎగిరిపోవడానికి ఖర్చుంది, ఆకలి ఖర్చు. బొమ్మ రోజూ అక్కడే ఉంది. కదల్లేదు, కొట్టలేదు. రోజుకు కొంచెం, రోజుకు కొంచెం మనమే పిట్టలకు పాఠం చెప్పాం. అదీ, బాగా గట్టిపడే పద్ధతిలో చెప్పాం.

గ్యాస్ తుపాకీలు పెట్టేవాళ్లదీ ఇదే కథ. ఇంత సేపటికి ఒకసారి అని పెట్టేసి ఇంటికి వెళ్లిపోతారు. మోత గడియారం ప్రకారం వస్తుంది. కొన్నాళ్లకు పిట్టలు మోత మోగినప్పుడు లేచి, అక్కడే ఇంకో చుట్టు తిరిగి వాలతాయి. ఆ తర్వాత లేవడం కూడా మానేస్తాయి. సెల్‌ఫోనులో కుక్క అరుపు రికార్డు చేసి, మైకులో రాత్రంతా వేసినా, అడవి పందులు కొన్నాళ్లకు దాన్నీ పట్టించుకోవు. చేను చుట్టూ కట్టే పాత చీరలకూ అదే గతి.

మన పెద్దవాళ్లు మంచె వేసి, వడిసెలతో కూర్చునేవాళ్లు. దాంట్లో ఏముందో చూడండి. గుంపు దిగినప్పుడే రాయి వెళ్తుంది. ఏ మూల నుంచి వస్తుందో పిట్టకు తెలియదు. కేకతో పాటు నిజంగా రాయి వస్తుంది. ఉత్తుత్తి బెదిరింపు కాదు. కాబట్టి పిట్ట దానికి అలవాటు పడే సందు తక్కువ. కూలీ గిట్టక, మనుషులు దొరక్క మంచెలు పోయాయి. మళ్లీ మంచె ఎక్కమని మీకు చెప్పను, నేనైతే ఎక్కను కూడా. కానీ మంచె మీది మనిషి చేసిన పనిని బొమ్మతో ఎంతవరకు చేయించగలమో చూద్దాం.

మొదట, బొమ్మను తొందరపడి పెట్టకండి. విత్తిన నాటి నుంచి నిలబెడితే, కంకి పాలు పోసుకునే నాటికి అది పిట్టలకు పాత చుట్టం. పిట్టలు దిగే రోజులు మీకు తెలుసు. ఆ రోజులకే దాచుకోండి.

పెట్టాక ఒక్కచోట ఉంచకండి. రెండు మూడు రోజులకు ఒకసారి చోటు మార్చండి. చొక్కా మార్చండి. చేతులు గాలికి ఊగేలా కట్టండి. గ్యాస్ తుపాకీ ఉంటే దాన్నీ జరుపుతూ ఉండండి, మోతకూ మోతకూ మధ్య సమయం మారుస్తూ ఉండండి. గుంపు లేనప్పుడు మోగించకండి. మోగిన ప్రతి ఉత్తుత్తి మోతా పిట్టకు ఒక పాఠమే.

మెరిసే రిబ్బన్ల గురించి మీరు వినే ఉంటారు. పైరు మీద కొంచెం ఎత్తులో, మెలికలు తిప్పి కడతారు. ఎండకు మెరుస్తుంది, గాలికి గుయ్యిమంటుంది. మెరుపూ మోతా ఒకే తీరుగా ఉండవు, అందుకే కొంత నయం. దానికీ పిట్టలు అలవాటు పడతాయి, కాకపోతే కాస్త ఆలస్యంగా. ఈ రిబ్బనూ కంకి గింజ గట్టిపడే దాకానే. ఆ తర్వాత విప్పి చుట్టి దాచండి.

ఇక ముఖ్యమైనది. వారంలో ఒకటి రెండు సార్లయినా బొమ్మ పక్కన మనిషి నిలబడాలి. అదే చొక్కా వేసుకుంటే మరీ మంచిది. గుంపు దిగగానే కదలాలి, డబ్బా కొట్టాలి, కేకెయ్యాలి. సముద్రపు కుందేలు తోక మీద షాక్ గుర్తుందా? ఇది అలాంటిదే. పిట్టను కొట్టక్కర్లేదు. ఆ బొమ్మ ఎప్పుడు మనిషి అవుతుందో దానికి తెలియకుండా చేస్తే చాలు.

ఇంటి పక్కన అత్తిపత్తి ఉంటే పిల్లల చేత ఓ పని చేయించండి. ఒక రెమ్మను వేలితో మెల్లగా తాకమనండి. విచ్చుకున్నాక మళ్లీ తాకమనండి. రోజూ కాసేపు అదే పని. ఎన్నో సారికి బద్ధకిస్తుందో పుస్తకంలో రాసుకోమనండి. ఎండలో ఉన్న మొక్క ఒకటి, చెట్టు నీడలో ఉన్న మొక్క ఒకటి తీసుకుంటే ఇంకా బాగుంటుంది. గట్టిగా నలిపితే లెక్క తప్పుతుంది, మెల్లగానే.

కోత అయిపోయాక చాలామంది బొమ్మను చేలోనే వదిలేస్తారు. వానకు చొక్కా చిరిగి, కుండ పగిలి, వచ్చే పంట దాకా అక్కడే నిలబడి ఉంటుంది. దయచేసి పీకి, పశువుల పాకలో పడెయ్యండి. ఆ ఏడు కొత్తగా రెక్కలొచ్చిన పిట్టలకు అది చెట్టు మోడు లాంటిది కాకూడదు.